వంకాయరంగు గూడు

అశ్వత్థమ్మ ఆ టార్చిని బల్ల మీద పెట్టలేదు. మరిది ఒళ్ళోకి విసిరింది.

“దీన్ని నువ్వే అమ్ముకో. నేను చేసిందని మాత్రం యాడా చెప్పొద్దు.”

తిమ్మరాజు బటన్ నొక్కి గోడ మీదికి వేశాడు. గోడంతా ఊదాగా మారింది. “వెలుగుతాంది కదా వదినా. ఇంత బాగా కనపడతాంటే యింగేం కావాల నీకు?”

“కనపడడమే దాని రోగం.”

ఆమె కిటికీ మూసి రెండు పట్టుగూళ్ళను పక్కపక్కన పెట్టింది. మరిది తెచ్చిన ఎల్ఈడీతో చేసిన ఆ టార్చి వేస్తే రెండూ ఒకే ఊదాలో మునిగిపోయాయి. తర్వాత తన టార్చి వేసింది. దాని మూతి దగ్గర వెలుగు ఉన్నట్టే తెలియలేదు. గూళ్ళు మాత్రం తమంతట తామే వెలిగాయి. ఒకటి పసుపుగా, ఇంకొకటి వంకాయరంగులో.

“నీ ఎల్ఈడీ మూడువందల తొంభై ఐదు నానోమీటర్లది. దాంట్లో సగం కంటికి కనపడే వెలుగే. దేని మీద పడితే దానికి తన రంగే పూస్తాది. మనకు మూడువందల అరవై ఐదుది కావాల. లెన్సు గాజుదై ఉండాల. ప్లాస్టిక్ అయితే మన పనికొచ్చే వెలుగునంతా అదే మింగుతాది. దాని ముందర నల్లగాజు బిళ్ళ పెడితే మిగిలిన ఊదా కూడా ఆగిపోతాది. శానాసార్లు చెప్పినా. నీ చెవులకు ఎక్కితే కదా.”

“మా అన్న బల్ల ముందర కూర్చోని మాకే పాఠాలు చెప్తాండావు. చెప్పు, చెప్పు.”

ఆ బల్ల రంగనాథప్పది. రేడియోలు, టార్చిలు బాగుచేసి బతికాడు. ఆయన పోయాక హిందూపురంలోని ఆ ఇంటికి మధ్యలో గోడ లేచింది. గోడకు అటు ఆయన తమ్ముడు తిమ్మరాజు, ఇటు ఆయన భార్య అశ్వత్థమ్మ, కొడుకు రుద్రేశ్, కోడలు పవిత్ర. వసారా ఒక్కటే ఇద్దరికీ ఉమ్మడి. పనిముట్లు ఎవరివో ఏ పెద్దమనిషీ తేల్చలేకపోయాడు. చివరికి ఆమె చేసేది, అతను అమ్మేది అన్న ఏర్పాటు ఇద్దరికీ ఇష్టం లేకుండానే కుదిరింది.

వాళ్ళ టార్చిలు కొనేది గ్రైనేజీ. పట్టుపురుగుల గుడ్లు తయారయ్యే చోటును అక్కడ అట్లా అంటారు. గూటిలోంచి పురుగు రెక్కలతో బయటికి రాకముందే ఆడవీ మగవీ వేరు చేయాలి. కలిసి ఉంటే తమలో తామే జత కట్టేసి జాతి చెడుతుంది. ఇదివరకు ప్రతి గూడూ బ్లేడుతో కోసి లోపల చూసేవాళ్ళు. కొత్తగా వచ్చిన సంకరజాతికి ఆ బాధ తప్పింది. అతినీలలోహిత కాంతి పడితే మగపురుగు గూడు పసుపుగా, ఆడపురుగు గూడు వంకాయరంగులో వెలుగుతాయి. చీకటి గదిలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని అశ్వత్థమ్మ టార్చిల వెలుగులో గూళ్ళు ఏరేవాళ్ళు. పసుపువి ఒక బుట్టలోకి, వంకాయరంగువి ఇంకో బుట్టలోకి.

తిమ్మరాజు భార్య సరోజ కూడా అక్కడే పనిచేసేది. ముగ్గురు ఆడపిల్లల తర్వాత ఆమెకు మళ్ళీ నెల తప్పింది. గూటి మీది నూగు తీయడానికి ఆ ఆడవాళ్ళు బొటనవేలు ఉమ్మితో తడుపుకుంటారు. ఒకరోజు సరోజ తడిపిన చోటల్లా గూటి మీద వంకాయరంగు చుక్క మెరిసింది.

“ఏం మింగి వచ్చినావు సరోజా? నోట్లో దీపం పెట్టుకోనుండావు” అని పక్కనున్న మంజుల నవ్వింది. మంజులా చూలాలే. ఆమె తడిపిన చోట చుక్క పసుపుగా మెరిసింది. అప్పుడు గదిలో ఉన్నవాళ్ళంతా గూళ్ళు తడిపి చూసుకున్నారు. ఇంకెవరిదీ వెలగలేదు.

కడుపుతో ఉన్న మనిషి ఉమ్మిలో ఏముందో, అది పట్టుతో కలిస్తే ఎందుకు వెలుగుతుందో అక్కడ ఎవరికీ తెలియదు. రంగుల అర్థం మాత్రం ఎవరినీ అడగాలనిపించలేదు. పొద్దస్తమానం పసుపు గూడును మగబుట్టలోకి, వంకాయరంగు గూడును ఆడబుట్టలోకి వేసే చేతులవి. పురుగుకు ఏ లెక్కో కడుపుకూ అదే లెక్క అనుకున్నాయి.

“నీది మగోడే పోవే మంజులా” అన్నారు. సరోజతో ఎవరూ ఏమీ అనలేదు.

ఆ మాట సాయంత్రానికి తిమ్మరాజు చెవిన పడింది. అశ్వత్థమ్మ అప్పుడు బెంగళూరుకు ఎల్ఈడీలు తేవడానికి పోయి ఉంది. ఆమె అల్మారాలో క్వార్ట్జ్ లెన్సు పెట్టిన టార్చి ఒకటి ఉండేది. గాజు కూడా కొంత వెలుగును ఆపుతుంది, క్వార్ట్జ్ ఏమీ ఆపదు. మిగిలిన టార్చిలను దానితోనే సరిచూసుకునేది. తిమ్మరాజు దాన్ని తీసి, సరోజ నాలుక కింద పెట్టుకున్న ఖాళీ గూటి మీద వేసి చూశాడు. వంకాయరంగు అంత స్పష్టంగా ఏ టార్చీ చూపించలేదు.

“ముగ్గురు చాలరా?” అన్నాడు భార్యతో. కర్ణాటక సరిహద్దు అవతల ఒక నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడివాళ్ళు ఏమీ అడగరు. సరోజను పొద్దున్నే బస్సెక్కించాడు.

అశ్వత్థమ్మ తిరిగొచ్చేసరికి సరోజ గోడకవతల చాప మీద పడుకుని ఉంది. రక్తం ఆగక గర్భసంచి తీసేశారు. అప్పుడు గూట్లో వెలిగిన రంగు సంగతి విని, తన అల్మారా తెరిచి ఉండడం చూసి, ఆమె గోడ దాటి వెళ్ళింది.

“నా టార్చి ఎవుర్ని అడిగి ముట్టినావు?”

“మా అన్న అల్మారా. నేనెవుర్ని అడగల్ల?”

“పురుగుల్ని చూసే దీపంతో పెండ్లాం కడుపు చూస్తివా? మనిషివేనా నువ్వు?”

“నీకు కొడుకుండాడు కాబట్టి నీతులు వస్తాండాయి. పో వదినా. నీ పని టార్చి చేసేది. చెయ్యి.”

సరోజ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి ఆమె అశ్వత్థమ్మతో మాట్లాడలేదు. టార్చి చేసిన చేతులు అవే కదా.

తిమ్మరాజు వ్యాపారం మాత్రం పుంజుకుంది. స్కానింగ్ యంత్రాలైతే చట్టం పట్టుకుంటుంది. టార్చి లైటును, ఖాళీ పట్టుగూడును ఎవరు పట్టుకుంటారు? గ్రైనేజీకి పోయే టార్చిలకంటే దొడ్డిదారిన ఇళ్ళకు పోయేవి ఎక్కువయ్యాయి. కొన్నవాళ్ళు చెంగు కింద దాచుకుని పోయేవాళ్ళు. దీపం చెప్పింది నిజమా అని ఎవరూ అనుమానించలేదు. పురుగుల విషయంలో అది ఒక్కసారీ తప్పలేదు. కడుపుల విషయంలో తప్పో ఒప్పో తేలాలంటే కాన్పు కావాలి, కాన్పులకు ఇంకా సమయం ఉంది. వంకాయరంగు వచ్చినవాళ్ళు అంతవరకు ఆగలేదు.

గ్రైనేజీకి తప్ప చేయనని అశ్వత్థమ్మ మొండికేసింది. అయితే చీప్ ఎల్ఈడీలతో తానే చేస్తానన్నాడు తిమ్మరాజు. చేశాడు కూడా. ఆ టార్చిలు దేని మీద వేసినా ఊదాయే. అంటే చూసిన ప్రతి కడుపూ ఆడదే. రెండు ఇళ్ళలో దాన్ని నమ్మి బస్సెక్కారని తెలిసి ఆమె తిరిగి బల్ల ముందు కూర్చుంది. చెడ్డ దీపం కంటే మంచి దీపం మేలనుకుంది. నల్లగాజు బిళ్ళను సానబట్టి, గాజు లెన్సును దాని వెనక సరిగ్గా దూరం చూసి బిగించి, పసుపూ వంకాయరంగూ ఒకదానితో ఒకటి కలవకుండా కనపడేలా చేసింది.

కాన్పులు మొదలయ్యాయి. వాటితోపాటు తిట్లూ మొదలయ్యాయి.

మంజులకు ఆడపిల్ల పుట్టింది. ఆమె అత్త వసారాలో నిలబడి టార్చిని గడప మీద కొట్టింది. “పసుపంటిరి, మగోడంటిరి. సీమంతానికి ఊరంతా పిలిస్తిమి. మా మొగం మీద ఉమ్మేసినట్టాయె.” తర్వాత ఇంకో ఇల్లు. ఇంకో ఇల్లు. పసుపు చూసి నిలుపుకున్నవాళ్ళందరికీ ఆడపిల్లలే. ఇది చాటుగా చేసిన పని కాబట్టి ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోలేదు. ప్రతి ఇల్లూ తనకే చెడ్డ టార్చి దొరికిందనుకుంది. అన్ని ఇళ్ళ తిట్లూ వచ్చి చేరేది మాత్రం ఒకే వసారాకు.

“లెన్సు తప్పు” అని తిమ్మరాజు వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. “మా వదిన గాజుకు చూపు మందగించింది. సరిచేయిస్తా.” వాళ్ళు పోయాక గోడకవతల నుంచి అరిచేవాడు. “కండ్లు కనపడకపోతే చెప్పు వదినా, బల్ల నాకిచ్చేయ్.”

ఆమె టార్చిలన్నిటినీ గ్రైనేజీకి తీసుకుపోయి వేలకొద్దీ గూళ్ళ మీద చూసింది. ఒక్క గూటికీ తప్పు చెప్పలేదు.

చిలమత్తూరు వైపు నుంచి ఒక ముసలామె చంకలో పసివాణ్ణి వేసుకుని వచ్చింది. నిలబడే మాట్లాడింది. “మా బిడ్డకు వంకాయరంగు వచ్చె. అల్లుడు తీయించాల్సిందే అనె. నేను బిడ్డను తోడుకోనొచ్చి మా తోటలో దాచిపెడితి. ఇదో, మొగపిల్లోడు. వీణ్ణి చంపమనింది నీ దీపమేనా? నీ చేతులు పడిపోను.” టార్చిని కాల్వలోకి విసిరి పోయింది.

తిమ్మరాజు నవ్వాడు. “చూసినావా, అటూ తప్పే, ఇటూ తప్పే. పనికిమాలిన లెన్సు.”

అశ్వత్థమ్మ నవ్వలేదు. పసుపులన్నీ ఆడపిల్లలు. పుట్టనిచ్చిన ఒక్క వంకాయరంగూ మగపిల్లవాడు. లెన్సు తప్పయితే సగం తప్పాలి, సగం ఒప్పాలి. ఇది ఒక్కటీ ఒప్పడం లేదు.

ఆమె గ్రైనేజీలో ఫర్హానా మేడం దగ్గరికి వెళ్ళింది. ఫర్హానా అక్కడ సాంకేతిక అధికారి, గూళ్ళ నాణ్యత చూసేది ఆమే. టార్చిల లెక్క అప్పజెప్పి, పోతూ పోతూ అడిగినట్టు అడిగింది.

“ఏమ్మా, పురుగు ఆడదా మగదా అనేది లోపల ఎట్ల తేలుతుంది?”

ఫర్హానా చేస్తున్న పని ఆపకుండానే చెప్పింది. “ఒంట్లో ప్రతి కణంలో క్రోమోజోములని రెండు పోగులు జతగా ఉంటాయనుకో అమ్మా. మగ పురుగులో రెండూ ఒకే రకం. ఆడ పురుగులో ఒకటి ఒక రకం, ఇంకొకటి ఇంకో రకం. ఆ తేడా జత వల్లే ఆడది వంకాయరంగులో వెలుగుతుందని మా అంచనా.”

“మనుషుల్లో కూడా అంతేనా?”

“మనుషుల్లో తిరగబడి ఉంటుంది. మనకు ఆడవాళ్ళవి ఒకే రకం జత. తేడా జత మగవాళ్ళది. ఏం, మనవరాలికి పాఠమా?”

“ఊఁ” అంది అశ్వత్థమ్మ. గేటు దాటాక మల్బరీ ఆకుల బండి పక్కన కూర్చుంది.

దీపం ఎవరికీ అబద్ధం చెప్పలేదు. తేడా జత ఉంటే వంకాయరంగు, లేకపోతే పసుపు. పురుగుల్లో తేడా జత ఆడది, మనుషుల్లో మగవాడు. పట్టుపురుగులు పెంచే ఊరు కాబట్టి పురుగు లెక్కే వేసుకుంది. బస్సెక్కి పోయినవాళ్ళు వదిలించుకున్నది కొడుకుల్ని. సరోజ కడుపులో ఉన్నదీ కొడుకే.

ఈ సంగతి చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే ఏమవుతుందో కూడా ఆమెకు వెంటనే తెలిసింది. ఎప్పుడూ తప్పే చెప్పే దీపం, ఎప్పుడూ నిజమే చెప్పే దీపంతో సమానం. అర్థం తిరగేసుకుంటే చాలు. మర్నాటి నుంచి వంకాయరంగును కాపాడుకుంటారు, పసుపును బస్సెక్కిస్తారు. ఆ తర్వాత ఒక్కటి కూడా తప్పిపోదు.

ఇల్లు చేరేసరికి కోడలు పవిత్ర వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో తడి ఆరిన ఖాళీ గూడు.

“పట్టు అత్తా. చూసి చెప్పు.”

“ఏంది ఇది?”

“నాకూ నెల తప్పింది. మీ కొడుక్కి కూడా చెప్పినా. నీకే కడాకు తెలిసింది.”

అత్తాకోడళ్ళకు పెళ్ళినాటి నుంచీ పొసగలేదు. అత్త నోరు మంచిది కాదని కోడలు, కోడలి నడక మంచిది కాదని అత్త. పవిత్రకు ఒక కూతురుంది. ఆ కాన్పులో ఆమె బతుకుతుందని డాక్టర్లు కూడా అనుకోలేదు.

“మా ఇంట్లో ఈ పని వద్దు. నేను చూడను.”

“నువ్వెవురు వద్దనేదానికి? ఊరందరికీ చేసిస్తివే. కనేది నేను. మొదటిదానికే సచ్చి బతికినా. ఇది ఆడదైతే మీ కొడుకు మూడోదానికి కూడా నన్ను మంచమెక్కిస్తాడు. మొగోడైతే ఇంతటితో ముగుస్తాది. ఆడదైతే ఇప్పుడే తీయించుకుంటా. మళ్ళీ ఆ నొప్పులు పడలేను.”

“దీపాలు తప్పు చెప్తాండాయి. ఊరంతా తిడతాండారు, వినల్యా?”

“నీ క్వార్ట్జ్ దీపం ఉండాది కదా. అది తప్పదంటివి. దాంతో చూడు. ల్యాకుంటే చిన్నమామను అడుగుతా, ఆయనకైతే ఇంత బతిమాలే పని ల్యా.”

తిమ్మరాజు చేతికి పోతే ఏమవుతుందో అశ్వత్థమ్మకు తెలుసు. “రేపు చూస్తా. లెన్సు మార్చాల్సింది ఉంది” అని గూడు తీసుకుంది.

తలుపు వేసుకుని క్వార్ట్జ్ టార్చి వెలిగించింది. వంకాయరంగు.

మగబిడ్డ. ఊరి లెక్కలో ఆడది. రేపు కోడలు బస్సెక్కుతుంది. నిజం చెబితే ఈ బిడ్డ బతుకుతాడు. ఆ నిజం వినగానే పవిత్ర నోరు ఊరుకోదు, తిమ్మరాజు చెవులూ ఊరుకోవు. ఈ బిడ్డ ఒక్కడికీ ఊళ్ళో పుట్టబోయే ఆడబిడ్డలంతా బదులు పోతారు.

ఆమె టార్చి ఆర్పింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది. పసుపు డబ్బా తీసి, కొమ్ములు మెత్తగా దంచి, ఎల్ఈడీలు తుడిచే స్పిరిట్‌లో నానబెట్టింది. పసుపు మీద ఆ కాంతి పడితే ఎంత పచ్చగా వెలుగుతుందో ఆమె ఎన్నోసార్లు చూసింది. వంట చేసి వచ్చి బల్ల ముందు కూర్చుంటే వేళ్ళు వెలిగేవి.

పవిత్ర తలుపు దగ్గర నిలబడి చూసింది. “నీకు పసుపుతో ఏం పని అత్తా? మొగం కడుక్కోని పూసుకుంటావా ఏం?”

భర్త లేని ఆడదాన్ని అనగలిగిన మాటల్లో అది అన్నిటికంటే చెడ్డది. “కాలికి గాయమైంది” అని మాత్రం అంది అశ్వత్థమ్మ.

ప్లాస్టిక్ లెన్సులు మరిది పడేసినవి సంచి నిండా ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని ముట్టడం కూడా చీదరించుకునేది. ఇప్పుడు ఒక్కొక్కటీ పసుపు స్పిరిట్‌లో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచింది. ఎల్ఈడీ కూడా మార్చింది. మూడువందల తొంభై ఐదుది పెట్టింది. నల్లగాజు తీసేసింది. ఊదా వెలుగంతా పసుపు పూత మింగి, దానికి బదులు తన పచ్చదనాన్ని కక్కింది. గూడు తడిసినా తడవకపోయినా, ఎవరు తడిపినా, దాని కింద పసుపే. చేతులారా అంత చెడ్డ టార్చి ఆమె ఎన్నడూ చేయలేదు. క్వార్ట్జ్ లెన్సును సుత్తితో పొడి చేసి మోరీలో పోసింది.

మరునాడు పవిత్ర ముందు, కొడుకు రుద్రేశ్ ముందు ఆ టార్చి వేసింది.

“పసుపు” అంది పవిత్ర. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. “మొగోడు. ఇంతటితో సరి.”

తిమ్మరాజును దారికి తేవడం కష్టం కాలేదు. లెన్సు తప్పని అతను ఊరంతా చెప్పి ఉన్నాడు. “నీ మాటే నిజం. లెన్సుల్లోనే తేడా ఉంది. అమ్మిన టార్చిలన్నీ తెప్పించు, ఊరికే మార్చిస్తా” అంది ఆమె. ఓడిపోయి ఒప్పుకుందని అతను పొంగిపోయాడు. ఇంటింటికీ తానే తిరిగి టార్చిలు పోగుచేసి తెచ్చాడు. ఆమె ఒక్కొక్కదాని గాజు కళ్ళు పీకి పసుపు కళ్ళు పెట్టి పంపింది. పని అయ్యాక ఫర్హానా మేడం బీరువాలో తాళం పడే గ్రైనేజీ టార్చిలను మాత్రం ముట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఊళ్ళో అందరికీ కొడుకులే పుట్టబోతున్నారు. నర్సింగ్ హోమ్ బస్సుకు ఎవరూ పోలేదు. నెలలు నిండి కాన్పులు అయ్యేకొద్దీ కొందరికి కొడుకులు, కొందరికి కూతుళ్ళు పుట్టారు. మొదట అరుపులు, తర్వాత అనుమానాలు. గూళ్ళ నుంచి దారం తీసే రీలింగ్ షెడ్డులో ఒకాయన తన ఉమ్మితోనే గూడు తడిపి చూసుకున్నాడు. పసుపు వచ్చింది.

“నాకూ మొగబిడ్డేనంట. నన్నెవురు పురుడుకు పిలుస్తారప్పా?” అని అతను బజారంతా చెప్పుకుంటూ తిరిగాడు. ఊరు నవ్వింది. నవ్వు అయిపోయాక కోపం వచ్చింది.

ఆ రోజుల్లోనే పవిత్రకు మగబిడ్డ పుట్టాడు.

పురుడు పదకొండోనాడు వసారా నిండింది. బారసాలకు వచ్చినవాళ్ళు కారు. ముందు నిలబడింది మంజుల అత్త.

“నీ ఇంటికి మాత్రం దీపం తప్పలేదే. పసుపంది, మొగోడే పుట్టె. మంచిది మీరుంచుకోని, మాకు దొంగది అంటగడితివా?”

“అడగండి, అడగండి” అన్నాడు తిమ్మరాజు. అతని చేతిలో మార్చిన టార్చి ఒకటి ఉంది. లెన్సు ఊడదీసి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను అందరికీ ఎత్తి చూపించాడు. పచ్చగా ఉంది. ఒకామె వాసన చూసి, “పసుపు. కూరలో వేసే పసుపు” అంది.

“మా అన్న బల్ల మీద కూర్చోని ఈ పని చేసింది. నా పేరు చెడగొట్టాలనే చేసింది. ఆ క్వార్ట్జ్ దీపం యాడ పెట్టినావు?”

“పగలగొట్టినా.”

“అబద్ధం.”

అతనితోపాటు ఇద్దరు ముగ్గురు లోపలికి దూరారు. అల్మారా తిరగేశారు. క్వార్ట్జ్ దొరకకపోయేసరికి చేతికందిన ఎల్ఈడీలు, నల్లగాజు బిళ్ళలు, సానరాయి వాకిట్లో పోసి తొక్కారు. రంగనాథప్ప బల్లను నలుగురు పట్టి గోడకవతలికి మోసుకుపోయారు. అశ్వత్థమ్మ అడ్డం పోలేదు.

లోపలి గది గడపలో పవిత్ర బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. “నాకు చూపించింది కూడా పసుపు పూసిందేనా?”

“అవును.”

“మొగోడో ఆడదో తెలియకుండానే నన్ను కనమంటివా? నేను సచ్చిపోయుంటే? ఆడది పుట్టుంటే, మళ్ళీ కనమని మీ కొడుకు నా మీద పడుతుంటే, అప్పుడేం చెప్పుందువు?”

తెలిసే చేశానని అశ్వత్థమ్మ అనలేకపోయింది. ఎట్లా తెలుసు అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. వసారాలో అంతమంది చెవులున్నాయి.

“నా కడుపు మీద జూదం ఆడినావు. మొగోడు పుట్టింది నీ పుణ్యం కాదు. ఇంగ వీణ్ణి నీ చేతికియ్యను.” తలుపు లోపలినుంచి గడియ పడింది.

జనం తిట్టి తిట్టి పోయారు. తిమ్మరాజు మాత్రం పోలేదు. అతని వెనక, ఉమ్మడి వసారా స్తంభం దగ్గర సరోజ నిలబడి ఉంది. నర్సింగ్ హోమ్ నుంచి వచ్చాక ఆమె గోడకు ఇటువైపు రావడం అదే మొదలు.

“మీ ఇంటికి వారసుడు వచ్చె” అన్నాడు తిమ్మరాజు. “నాకింగ రాడు. నా పెండ్లాం కడుపు పోయింది. నీ దీపాలన్నీ దొంగవే అయితే మాకు చూపించింది కూడా దొంగదేనా? ఊళ్ళో అడుగుతాండారు. నీ పెండ్లాం కడుపులో పోయింది మొగోడేమో తిమ్మరాజూ అని ఎగతాళి చేస్తాండారు. నేను చూసింది క్వార్ట్జ్‌తో. పసుపు పూయకముందు. అది తప్పదని నువ్వే చెప్తాంటివి.”

అశ్వత్థమ్మ వంగి కాళ్ళ దగ్గరి గాజు పెంకు ఒకటి తీసి పక్కన పెట్టింది.

సరోజ ముందుకు వచ్చింది. చిక్కి సగమైంది. “ఆయన అడగాల్సింది అది కాదు. నేను అడుగుతా. నువ్వు చేసినదానివి, నీకు తెలుస్తాది. ఆ పొద్దు నా కడుపులో ఉన్నింది ఏ బిడ్డ అక్కా?”

ఇంతవరకు తన మీద పడ్డ మాటలన్నీ అశ్వత్థమ్మ మోసింది. తిమ్మరాజును మాత్రం ఒక్క మాటతో కూల్చేయగలదు. మరిది మొహం ఎదురుగా ఉంది. నీ చేత్తో నీ కొడుకునే బస్సెక్కించావు అంటే ఆ మొహం ఏమవుతుందో చూడాలని ఆమెకు నిజంగా అనిపించింది. నోటిదాకా వచ్చింది. అది విన్న వెంటనే అతను ఏడుస్తాడు. ఏడ్చి లేచాక లెక్క తిరగేసుకుంటాడు. చీప్‌గానో ఖరీదుగానో మళ్ళీ ఎల్ఈడీలు, గాజు లెన్సులు తెప్పిస్తాడు. బల్ల ఇప్పుడు అతని దగ్గరే ఉంది.

“ఆడబిడ్డే” అంది. “క్వార్ట్జ్ తప్పదు. ఆడబిడ్డే.”

తిమ్మరాజు భుజాలు దిగాయి. పెద్దగా ఊపిరి వదిలాడు. భార్య వైపు తిరిగి, “విన్నావా, నేను చెప్పల్యా” అన్నాడు, చాలా రోజుల తర్వాత మెత్తగా. “ఊరికే బుర్ర పాడుచేసుకుంటివి. పా, ఇంటికి పోదాం.”

సరోజ కదల్లేదు. ఆమె అతని మొహం వైపే చూస్తోంది. ఆ మొహం మీద వచ్చిన నెమ్మదిని చూస్తోంది.

“ఎంత కుదుటపడినావు” అంది. “ఆడదని తెలిసేసరికి నీ ప్రాణం ఎంత కుదుటపడింది.”

“ఏందే ఆ మాటలు?”

“నా బిడ్డ. ఏ బిడ్డయితే ఏంది, నా బిడ్డ.” తర్వాత అశ్వత్థమ్మ వైపు తిరిగింది. “నువ్వూ అంతే. అడిగితే ఎంత సులువుగా చెప్పినావక్కా, ఆడబిడ్డేనని. నోరు కూడా తడబడల్యా.”

ఆమె గోడకవతలికి వెళ్ళి ముగ్గురు ఆడపిల్లల్నీ పిలిచింది. చిన్నదాన్ని ఎత్తుకుంది. పెద్దది సంచి మోసింది. తిమ్మరాజు వీధిదాకా వెంట నడిచి, జనం చూస్తున్నారని ఆగిపోయాడు.

“ఏమైంది దీనికి?” అన్నాడు వెనక్కి వచ్చి. “నీకేమన్నా తెలుసా వదినా?”

వాకిట్లో నల్లగాజు పెంకులు కాళ్ళకు గుచ్చుకునేలా పడి ఉన్నాయి. అశ్వత్థమ్మ చీపురు తెచ్చి ఊడ్చడం మొదలుపెట్టింది.

“తెల్దు” అంది. “జరుగు.”